ఇమ్లీ హాల్ట్ హాజిరీ

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను కలిసినప్పుడు ముందుగా అడిగేది ప్రమోషన్ల గురించి. వాటిమీద నాకు చెప్పడానికేమీ లేదు. వచ్చినవి వచ్చాయి, రానివి రాలేదు. ఫైళ్ళ గురించి కూడా రాయను; అవి ఎలా నడపాలో పక్క సీటాయన మూడు రోజుల్లో నేర్పిస్తాడు. పక్క సీటాయన నేర్పించలేనిది ఒకటుంది. దాన్ని నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, టాటానగర్‌ను ఆనుకుని ఉన్న పర్సుడీహ్ దగ్గర ఒక చిన్న హాల్టులో, బాగా నవ్వులపాలయ్యాక నేర్చుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

అసలు పని

రైల్వేలో ప్రయాణికుల భద్రత చూసే విభాగం మాది. ప్రమాదం జరిగాక పరుగెత్తుకెళ్ళే ఉద్యోగమని బయటివాళ్ళు అనుకుంటారు. అలాంటి రోజులు చాలా తక్కువ. మిగతా రోజులన్నీ ప్లాట్‌ఫారం మీద ఎండలో నిలబడి, మనుషులు బండి ఎలా ఎక్కుతున్నారో, ఎలా దిగుతున్నారో చూడడమే. విసుగు పుడుతుంది. కాళ్ళు నొప్పులు పుడతాయి. టీ ఎక్కువగా తాగుతాం.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. సివిల్ డిప్లొమా చేతికొచ్చి మూడేళ్ళయింది. మా నాన్నగారు కార్ఖానాలో ఫోర్‌మన్, అగ్రికో కాలనీలో క్వార్టర్. నా భుజానికి ఎప్పుడూ ఒక ఖాకీ సంచి వేలాడేది. అందులో ఉండే సరంజామా ఇది: స్టాప్‌వాచ్, ముప్ఫై మీటర్ల టేపు, గట్టి అట్ట నోటుబుక్కు, ఎరుపు పెన్సిలు, నీలం పెన్సిలు, రెండు పెన్సిళ్ళూ చెక్కుకోవడానికి సగం బ్లేడు. ఈ ఆరు వస్తువులతో ప్రపంచంలో కొలవలేనిది ఉండదని నా నమ్మకం.

నాకు అప్పగించిన బండిని అందరూ షటిల్ అనేవారు. ఏడు డబ్బాలు, ముందు బొగ్గింజను. పొద్దున్నే దక్షిణం వైపు ఊళ్ళనుంచి మనుషుల్ని ఎక్కించుకుని, పర్సుడీహ్ పక్కనున్న ఇమ్లీ హాల్టులో ఒక్క నిమిషం ఆగి, టాటానగర్, ఆదిత్యపూర్ మీదుగా గమ్హరియా చేరేది. హాల్టంటే స్టేషనూ కాదు, ఏమీ కాదు. నేలకు జానెడెత్తున కంకర దిమ్మ, ఒక రేకుల పంచ, ఒక చేతిపంపు. దిమ్మ పొడవు నాలుగు డబ్బాలకే సరిపోతుంది.

అక్కడ ఎక్కేవాళ్ళలో సగం పైగా మనవాళ్ళే. టెక్కలి, పలాస, నరసన్నపేట వైపు నుంచి వచ్చి పర్సుడీహ్‌లో స్థిరపడ్డ కుటుంబాలు. మగవాళ్ళు కాంట్రాక్టు పనులకు, ఆడవాళ్ళు గమ్హరియాలోని చిన్న ఫ్యాక్టరీలకు వెళ్ళేవారు. మా అగ్రికో వాళ్ళెవరూ ఆ బండెక్కరు. మా అమ్మ దృష్టిలో అది కూలీల బండి. మొదటి రోజు నేను దాన్లో తిరిగొస్తే గుమ్మంలోనే ఆపేసింది.

"ఆ చొక్కా అక్కడే విప్పు. లోపలికి తెచ్చావంటే దుప్పట్లన్నీ బొగ్గవుతాయి. నీకు ఆఫీసువాళ్ళు జీపు ఇవ్వరా?"

"జీపులోంచి చూస్తే బండి ఎక్కేవాళ్ళు కనపడరమ్మా."

"కనపడకపోతే ఏం? వాళ్ళు రోజూ ఎక్కుతూనే ఉన్నారుగా!"

నా పట్టిక

రెండు వారాలు ఇమ్లీ హాల్ట్ పంచ కింద నిలబడి పట్టిక తయారు చేశాను. నాలుగు నిలువు వరసలు. ఒకటి, కదిలే బండి ఎక్కడం. రెండు, మెట్లమీద వేలాడడం. మూడు, బండి పక్కన పరుగెత్తడం. నాలుగు, ప్లాట్‌ఫారం లేని వైపు దిగడం. ఒక్కో సంఘటనకు ఒక్కో గీత. మూడో వరస మాత్రం పేజీలు పేజీలు నిండిపోయింది.

ఆ పరుగులో ఒక వింత ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు పరుగెత్తితే అర్థముంది. కానీ బండికి పావుగంట ముందే వచ్చి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, తీరిగ్గా తలలు దువ్వుకున్న ఆడవాళ్ళు కూడా బండి రాగానే పరుగందుకునేవారు. ఎదురుగా ఆగిన డబ్బాలో చోటుంది. దాన్ని వదిలేసి, బండి పక్కన జారే కంకర మీద, టిఫిన్ క్యారియర్లు ఊపుకుంటూ ఇంకో డబ్బా కోసం పరుగెత్తేవారు. డ్రైవరు ఒకరోజు ముందుకు ఆపుతాడు, ఒకరోజు వెనక్కి ఆపుతాడు. దాన్నిబట్టి పరుగు అటో ఇటో ఉండేది.

ఇది నేను గమనించాను. ఎందుకని అడగలేదు. నోటుబుక్కులో "అనవసరపు తొందర, అవగాహన లోపం" అని నీలం పెన్సిలుతో రాసి, ఎరుపు పెన్సిలుతో కింద గీత గీశాను. ఇప్పటికీ ఆ గీత తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మా పై అధికారి చక్రవర్తి గారు. నాలుగింటికి బల్ల సొరుగులోంచి మరమరాల పొట్లం తీసి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ రిపోర్టులు చదివే మనిషి. నాది చదివి, "బహుత్ అచ్ఛా, ఏకదం సాఫ్" అని మెచ్చుకున్నారు. ఆ రోజు సైకిలు తొక్కుతూ ఇంటిదాకా ఈల వేసుకుంటూ వెళ్ళాను.

వారం తర్వాత ఆయన సంతకంతో ఆఫీసు నోటు వచ్చింది. ఎక్కడం దిగడం ప్రమాదకరంగా ఉన్నందున ఇమ్లీ హాల్ట్ రెండు నెలల తర్వాత మూసివేయబడును. ఆధారం: నా పట్టిక.

నేను ఆయన గదిలోకి దాదాపు పరుగెత్తాను. "సర్, నేను మూసెయ్యమని రాయలేదు!"

"తుమ్హారీ హీ రిపోర్ట్ హై, బేటా" అన్నారు, మరమరాలు నా వైపు జరుపుతూ. నీ రిపోర్టే కదా అని. "ఇంత చక్కగా రాశాక కూడా ఆ హాల్ట్ నడిపిస్తే, రేపెవరైనా చక్రం కింద పడితే, ఆ ఇంటికి నువ్వు వెళ్తావా, నేను వెళ్తానా?"

ఆయన చెడ్డవాడు కాదు. అలాంటి ఇళ్ళకు నాకన్నా ఎక్కువసార్లు వెళ్ళినవాడు. అందుకే మూసేస్తే పీడ పోతుందనుకునేవాడు. నా ఉద్యోగకాలంలో ఇలాంటి పైవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళతో మంచీ చెడూ వాదించి లాభం లేదు. మూసేస్తే ఇంకెక్కడ ప్రమాదం మొదలవుతుందో చూపించాలి. హాల్ట్ లేకపోతే వాళ్ళంతా యార్డు పట్టాలన్నీ దాటుకుంటూ టాటానగర్‌కు నడుస్తారని గోడమీది పటంలో చూపించాను. ఆయన లేచొచ్చి, పటం మీద ఆ పట్టాలన్నీ వేలితో లెక్కపెట్టారు.

"అయితే ఆ పరుగు ఆపు. రెండు నెలలు. ఆగకపోతే నేను మూసేస్తాను."

ప్రశ్నల కాగితం

డిప్లొమా చదివినవాణ్ణి కాబట్టి ప్రశ్నల కాగితం అచ్చు వేయించాను. హిందీలో పన్నెండు ప్రశ్నలు. మర్నాడు పొద్దున్న పంచ కింద నిలబడి, మొదటి మనిషిని అడిగాను. నలభై ఏళ్ళావిడ, ముక్కుకు రెండువైపులా పుడకలు, చేతిలో మూడు గిన్నెల క్యారియరు. పేరు నీలమ్మ. గమ్హరియాలో నట్లూ బోల్టులూ ఏరే పని.

"కదిలే బండి ఎక్కుతారా?"

"నేదు బాబూ."

"నిన్న ఎక్కారు. నేను చూశాను."

"సూసినోడివి మళ్ళీ అడుగుతావేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నేను మూడో ప్రశ్నకు వెళ్ళాను. రైలు ప్రయాణం సురక్షితమని మీరు భావిస్తున్నారా?

"రైలుకేటి బాబూ, పట్టాల మీదే ఎల్తాది గదా. బస్సయితే ఎటైనా ఎల్తాది."

ఆ జవాబును ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. అవును, కాదు, తెలియదు అని మూడే గడులు పెట్టాను. రైలు మీద వాళ్ళకున్న అభిప్రాయం ఆ మూడింట్లో ఎక్కడా పట్టలేదు. బండంటే వాళ్ళకు భయం లేదు, గౌరవం అంతకన్నా లేదు. వాళ్ళ వీధికి చక్రాలొచ్చినట్టు చూసుకునేవారు.

నేను కాగితం తిప్పుతుండగా నీలమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నువ్వే గదా రాసినోడివి? మా ఆల్ట్ మూసెత్తారట. టేసన్ల సెప్పుకుంటన్నారు."

నేను నేల చూశాను.

"మొకం అలగెట్టకు. రాసినోడివి నువ్వే అయితే సెరిపేసీవోడివీ నువ్వే" అంది. "నాను ఈ బండి మీదే అయిదేళ్ళుగా పనికెళ్తన్నాను. నా సెయ్యి ఆడితేనే మా ఇల్లు ఆడతాది. పట్టాలన్నీ దాటుకుంటా టాటానగర్ ఎల్లాలంటే నా వల్ల గాదు. ఇను, నీ కాయితం తీసి సంచీలెట్టీసి, రేపు మాతో మూడో డబ్బా ఎక్కు."

వెనకనుంచి ఆవిడ తమ్ముడు రమణ, పద్దెనిమిదేళ్ళవాడు, అక్క తెలుగుకు హిందీలో వంత పాడాడు. "సంభల్‌కే దీదీ, లిస్టు బాబు గిర్ జాయేంగే!" పడిపోతాడు జాగ్రత్త అని. ఆ రోజునుంచి పర్సుడీహ్‌లో నా పేరు లిస్టు బాబు.

మూడో డబ్బా

మర్నాడు నేనూ పరుగెత్తాను. అందరికన్నా వెనకబడి, రమణ చెయ్యి పట్టి లాగితే ఎక్కాను. ఆ రోజు మూడో వరసలో వేసిన గీతల్లో ఒకటి నాది.

లోపల ఊపిరాడదు. నవ్వులు, చల్దన్నం వాసన, ఎవరిదో ట్రాన్సిస్టరు. బండి కదిలిందో లేదో, డబ్బా నడుమ ఒక మనిషి పైబల్ల అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. యాభై దాటిన వయసు. ఎడమకాలు కొంచెం పొట్టి. చేతిలో పొడుగాటి పుస్తకం. ఒక్కసారిగా డబ్బా అంతా సద్దుమణిగింది.

"అప్పన్న!"

"ఉన్నాను."

"ఎర్రమ్మ!"

"ఉన్నానన్నా."

"గౌరమ్మ!"

"ఆఁ!"

అలా వీధి వీధంతా పిలిచాడు. ఎనభై పేర్ల దాకా ఉంటాయి. ఒక పేరుకు జవాబు రాకపోతే పక్కింటివాళ్ళు "ఒల్లు బాగోనేదు, ఇంటికాడే ఉండిపోనాది" అని చెప్పాలి. చెబితే సున్నా చుడతాడు.

"ఇదేమిటి?" అని నీలమ్మను అడిగాను.

"హాజిరీ. సింహాద్రన్న పిలిత్తాడు." కార్ఖానా గేట్లో హాజరు తీసినట్టే. ఆయన అదివరకు ఒక కాంట్రాక్టరు దగ్గర మనుషుల హాజరు రాసేవాడట.

"ఎందుకు పిలుస్తారు?"

ఈసారి జవాబు సింహాద్రే చెప్పాడు, నా పక్కన చోటు చేసుకుని కూర్చుంటూ. "రెండేళ్ళ కిందట ఈ ఆల్ట్ కాడే మెట్టు మీంచి జారిపోనాను బాబూ. కట్ట కిందకి దొర్లిపోయి తుప్పల్లో పడ్డాను. కాలు ఇరిగిపోనాది. పనికాడేటనుకున్నారు? సింహాద్రి ఇంటికాడ ఉన్నాడనుకున్నారు. ఇంటికాడేటనుకున్నారు? పన్లో ఉన్నాడనుకున్నారు. పొద్దుటేల నుంచి సందేల దాకా అలగే ఉన్నాను. సాయంత్రం ఈళ్ళ బండే నా నెత్తి మీంచి ఎల్లింది. ఈళ్ళేటి మాటాడుకుంటన్నారో తెలుసా?"

"సెప్పకన్నా" అంది నీలమ్మ, అప్పటికే నవ్వుతూ.

"సింహాద్రిగాడు ఇయ్యాల డుమ్మా కొట్టీసేడు, రేపు రానీ ఆడి పని సెప్తాననుకుంటన్నారు! నాను కింద పడున్నాను, పైనీళ్ళు నన్ను తిడతన్నారు!"

డబ్బా మొత్తం నవ్వింది. ఆయనే అందరికన్నా గట్టిగా నవ్వాడు. చీకటి పడేముందు పుల్లలేరుకునే ముసలామె ఎవరో చూసి కేకేసిందట. నాలుగు నెలలకు కర్ర పట్టుకుని లేచాక ఆయన చేసిన మొదటి పని ఈ పుస్తకం కొనడం.

పిలిస్తే పలకనివాళ్ళు ఏమవుతారని అడిగాను. టాటానగర్‌లో ఇద్దరు మగవాళ్ళు దిగి, పట్టాల వెంబడి హాల్టుదాకా వెతుక్కుంటూ నడుస్తారు. ఆ ఇద్దరికీ ఆ రోజు పని లేనట్టే. ఒకసారి గౌరమ్మ వెనక డబ్బాలో దర్జాగా కిటికీ పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు తింటుంటే, ఇద్దరు మనుషులు ఆమె కోసం తుప్పలన్నీ గాలించారట. అప్పట్నుంచి కట్టుబాటు చేసుకున్నారు. ఏమైనా సరే మూడో డబ్బాలోనే ఎక్కాలి.

ఆ పరుగు తొందరా కాదు, అవగాహన లోపమూ కాదు. ఎవరూ తప్పిపోకూడదని వాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు అది. ఆ ఏర్పాటే వాళ్ళను చక్రాల పక్కన పరుగెత్తిస్తోంది. నేను మాత్రం ఎరుపు గీత గీసి పెట్టాను.

నా బోర్డు

కారణం తెలిసింది కాబట్టి ఇక లెక్క సులువనుకున్నాను. డ్రైవరు రోజూ ఒకేచోట ఆపితే మూడో డబ్బా రోజూ ఒకేచోట ఆగుతుంది. టేపు పట్టి కొలిచి, ఇంజను ఆగాల్సినచోట తెల్లరంగు బోర్డు పాతించాను. డ్రైవర్లందరికీ చెప్పించాను. నాలుగు రోజుల్లో పరుగు ఆగిపోయింది. మూడో వరస ఖాళీ! పర్సుడీహ్ బజార్లో జిలేబీలు కొని ఇంటికి పట్టుకెళ్ళాను. మా అమ్మ పొట్లం తీసుకుని, చొక్కా మాత్రం బయటే విప్పమంది.

ఆ సంబరం ఆదివారం దాకానే. సోమవారం పట్టిక చూసుకుంటే రెండో వరస నిండిపోయి ఉంది. ఎందుకంటే ఇప్పుడు ఎనభైమందీ మూడో డబ్బా ఆగేచోటే కాచుకుని ఉంటున్నారు. అదివరకు పరుగులో ముందూ వెనకా అయి ఒకరి తర్వాత ఒకరు ఎక్కేవారు. ఇప్పుడు అందరూ రెండు తలుపుల దగ్గరే. లోపల పట్టనివాళ్ళు గుత్తులు గుత్తులుగా మెట్లమీద వేలాడుతున్నారు. ప్రమాదాన్ని ఒక గడిలోంచి తీసి ఇంకో గడిలో పెట్టాను, అంతే. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి: మీరు సరిచేసిన వరసను ఒక్కసారి చూడండి, పక్క వరసను రెండుసార్లు చూడండి.

గడువు మూడు వారాలే మిగిలింది.

నట్ల బుట్ట

ఆ సాయంత్రం హాల్టులో దిగాక, పంపు గట్టు మీద నీలమ్మ, సింహాద్రి, నేను కూర్చున్నాం. నేను నా ఓటమి ఒప్పుకున్నాను. హాజిరీ మానేస్తే మూడో డబ్బా అవసరం ఉండదు కదా అన్నాను.

సింహాద్రి ముఖం మూసుకుపోయింది. "అది మాత్తరం మాననయ్యా. కావాలంటే మీరు ఆల్ట్ మూసుకోండి."

నీలమ్మ కాళ్ళమీద నీళ్ళు పోసుకుంటూ అంది, "అన్నా, నాను నట్లు ఏరతానా. బుట్టల ఏసినప్పుడు ఓపాలి లెక్కెడతాను. ఆ సివర అప్పజెప్పినప్పుడు ఓపాలి లెక్కెడతాను. రెండూ ఒక్కటయితే సరి. మద్దిన మోసినంతసేపూ బుట్టలోకి సూసుకుంటా నడుత్తానేటి?"

"అంటే?" అన్నాడు సింహాద్రి.

"బండి రాకముందు ఈడ పిలు. గమ్హరియాల దిగినాక ఆడ పిలు. మద్దిన ఎవులు ఏ డబ్బాల కూకుంటే నీకేటి?"

నేను గట్టు మీంచి లేచి నిలబడ్డాను. శిక్షణలో మాకు మొదటివారం చెప్పిన పాఠమే అది. బండి మొత్తం చేరిందని, దారిలో ఏ డబ్బా తెగి ఉండిపోలేదని ఎలా తెలుస్తుంది? చేరినచోట నిలబడి, చివరి డబ్బా వెనకనున్న గుర్తు చూస్తారు. దారంతా ఎవరూ డబ్బాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోరు. డబ్బాల విషయంలో పరీక్ష రాసి పాసైన నాకు మనుషుల విషయంలో అది తట్టలేదు. నట్లేరే మనిషికి తట్టింది.

సింహాద్రి ఇంకా ఒప్పుకోలేదు. "మద్దిన పడిపోనోడి గతేటి?"

"పడీవోడు మూడో డబ్బాల ఉన్నా పడతాడన్నా" అంది నీలమ్మ. "నువ్వు పడ్డది ఏ డబ్బా మెట్టు మీంచేటి?"

ఆయన పకపకా నవ్వేశాడు. "మూడోదే!"

కాకపోతే ఆయన ఒక షరతు పెట్టాడు. గమ్హరియాలో ఒక్క పేరు పలక్కపోయినా వెంటనే ఫోను వెళ్ళాలి, పట్టాల మీద పనిచేసే గ్యాంగువాళ్ళు వెతకాలి. మనవాళ్ళిద్దరు పని పోగొట్టుకుని నడవకూడదు. పైగా గంటల తరబడి ఎవరూ తుప్పల్లో పడి ఉండకూడదు. న్యాయమైన షరతు. దానికి చక్రవర్తి గారి అనుమతి కావాలి. వెళ్ళి అడిగితే ఆయన మిరపకాయ కొరికి, "నేనే వచ్చి చూస్తా" అన్నారు.

చక్రవర్తి గారి పేరు

ఆయన వచ్చిన రోజు నేను తెల్లారకముందే హాల్టులో ఉన్నాను. కొత్త పద్ధతి మొదలై పదిరోజులైంది. పరుగు లేదు, వేలాడడం లేదు. దిమ్మ మీద ఆగే నాలుగు డబ్బాల్లోకీ జనం సర్దుకుని ఎక్కుతున్నారు. అయినా ఆ రోజు ఎవరైనా పాత అలవాటుతో పరుగందుకుంటే, హాల్ట్ ఆ రోజుతో సరి.

చక్రవర్తి గారు గొడుగు, మెరిసే బూట్లతో జీపులోంచి దిగారు. సింహాద్రి పుస్తకం తెరిచి ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. "నామ్, సాబ్?"

"నా పేరెందుకు?"

"ఇమ్లీ మే జో చఢేగా, ఉస్‌కా నామ్ చఢేగా." ఇక్కడ ఎక్కేవాళ్ళందరి పేరూ ఎక్కాల్సిందే.

ఆయన నావైపు చూశారు. నేను పంపువైపు చూశాను. "లిఖో. చక్రవర్తి" అన్నారు. హాజిరీ మొదలైంది. అందరికన్నా చివర ఆయన పేరు వచ్చింది. "హాఁ" అన్నారు కొంచెం సిగ్గుగా. ఆడవాళ్ళు కొంగులు నోళ్ళకు అడ్డం పెట్టుకున్నారు.

బండి నా బోర్డు దగ్గర సరిగ్గా ఆగింది. ఒక్కరు కూడా పరుగెత్తలేదు. నేను మొదటి డబ్బాలో, ఆయన నాలుగో డబ్బాలో ఎక్కాం. టాటానగర్, ఆదిత్యపూర్, గమ్హరియా. దిగి, నీళ్ళ ట్యాంకు కింద గుమిగూడాం. సింహాద్రి పిలవడం మొదలుపెట్టాడు. అప్పన్న, ఎర్రమ్మ, గౌరమ్మ, అలా చివరిదాకా అందరూ పలికారు.

"చక్రవర్తి!"

జవాబు లేదు.

"చక్రవర్తి!"

ఈసారి నవ్వు కూడా లేదు. సింహాద్రి వేలు పుస్తకంలో ఆ పేరు మీదే ఆగిపోయింది. ఫ్యాక్టరీల సైరన్లకు ఇంకా అయిదు నిమిషాలే ఉన్నాయి. అయినా ఎనభైమందిలో ఒక్కరూ కదల్లేదు. ఆదిత్యపూర్ దగ్గర ఆయన తలుపులో నిలబడి ఉండడం చూశాను. ఆ తర్వాత చూడలేదు. సింహాద్రి ఆ పుస్తకాన్ని ఎందుకు వదలడో నాకు పూర్తిగా అర్థమైంది అప్పుడే.

రమణ అప్పటికే ఫోను కోసం స్టేషను మాస్టరు గదివైపు అడుగేశాడు. నీలమ్మ క్యారియరు కిందపెట్టి, ప్లాట్‌ఫారం అంచున వంగి, ఆగున్న బండి కిందనుంచి చూసింది.

"బూట్లు!" అని అరిచింది. "అటేపు బూట్లు కనపడతన్నాయి! మెరుత్తన్నాయి!"

కూత వేసి ఖాళీ బండి యార్డువైపు కదిలింది. ఒక్కో డబ్బా జరిగిపోయింది. ఏడోది కూడా దాటాక, అవతల కంకరమీద, గొడుగు చంకలో పెట్టుకుని చక్రవర్తి గారు నిలబడి ఉన్నారు. పట్టాల కింద కంకర ఎలా ఉందో చూద్దామని ప్లాట్‌ఫారం లేని వైపు దిగారట. ముప్ఫై ఏళ్ళ తనిఖీ అలవాటు.

నీలమ్మ నడుంమీద చెయ్యి పెట్టుకుంది. "ఏ క్యా సాబ్! ఉధర్ సే కోయీ ఉతర్‌తా హై? పడిపోతే మీ ఇంటికాడ ఎవులు సెప్తారు?"

అటువైపు ఎవరైనా దిగుతారా అని సగం హిందీ, సగం తెలుగు. ఆయనకు మొత్తం అర్థమైంది. ఎర్రబడ్డ ముఖంతో అక్కడే నిలబడిపోయారు. సింహాద్రి మాత్రం తన పని తాను చేసుకున్నాడు. గొంతు సవరించుకుని, పట్టాల అవతలికి వినబడేలా మళ్ళీ పిలిచాడు.

"చక్రవర్తి!"

ఆయన గొడుగున్న చెయ్యి పైకెత్తారు. "హాజిర్!"

గమ్హరియా ప్లాట్‌ఫారం మీద అంత పెద్ద కేరింత నేను మళ్ళీ వినలేదు. అందరూ నవ్వుకుంటూనే గేట్లవైపు పరుగుతీశారు. ఆ పరుగు నా పట్టికలోకి రాదు.

తిరుగు బండిలో ఆయన నా పక్కనే కూర్చున్నారు. ఆదిత్యపూర్ దాటాక చెయ్యి చాపి నోటుబుక్కు అడిగారు. ఆ రోజు పేజీ తీశారు. మొదటి మూడు వరసలూ ఖాళీ. నాలుగో వరస, ప్లాట్‌ఫారం లేని వైపు దిగినవాళ్ళది, అది కూడా ఖాళీగానే ఉంది. నాకు ధైర్యం చాలలేదు.

"ఏక్ కమ్ హై" అన్నారు. ఒకటి తక్కువైందని.

నేను నీలం పెన్సిలు తీశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఎరుపు పెన్సిలు తీసి నాలుగో వరసలో ఒక్క గీత గీశాను. ఆయన నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని, ఆ పేజీ అడుగున "హాల్ట్ కొనసాగించవచ్చు, గమ్హరియా నుంచి వెంటనే ఫోను చేసే ఏర్పాటు ఉండాలి" అని హిందీలో రాసి సంతకం పెట్టారు.

ఆ గీత పక్కన ఎవరి పేరూ లేదు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది.